కరవని కుక్క

"ఇది కుక్కేనాండీ?" అని అడిగాడు బంగారయ్య.

రొయ్యల చెరువు కాపలాకి కుక్క కావాలని వచ్చాడతను. టైగర్ అతని చెప్పులు వాసన చూసింది. చెయ్యి నాకింది. తర్వాత మోటారు సైకిల్ పక్కన వెల్లకిలా పడుకుని పొట్ట చూపించింది.

"చాలా మంచిదండి," అంది అప్పలమ్మ.

"మంచిదైతే నాకెందుకండీ? దొంగొస్తే దగ్గరుండి చెరువంతా చూపిస్తుంది."

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. టైగర్ మలుపు దాకా సాగనంపి వచ్చింది.

అది అసలు వాళ్ల కుక్క కాదు. పక్కింటి భీమరాజు ఖతార్ వెళ్తూ, తిరిగొచ్చేదాకా చూడమని అప్పలమ్మ కొడుకు వీరబాబుకి అప్పగించాడు. భీమరాజు రాలేదు. ఈలోగా వీరబాబు పడవ గాలివానలో గోదారి మొగ దాటి సముద్రంలోకి వెళ్లింది. అదీ రాలేదు.

భీమరాజుకి ఫోన్ చేస్తే, "ఎవరికైనా ఇచ్చెయ్యండి పిన్నీ, నేనిప్పట్లో రాలేను," అన్నాడు.

ఎలాగైనా ఇచ్చెయ్యాలనే అప్పలమ్మ కూడా అనుకుంది. కుక్క మీద కోపం లేదు. కోడలి గురించే ఆవిడ దిగులంతా.

సత్యదుర్గ ఏడవదు. వండమంటే వండుతుంది, తినమంటే రెండు ముద్దలు తింటుంది. ఏమడిగినా "ఆయ్" అంటుంది. పడవలొచ్చే వేళకి మాత్రం ఇంట్లో ఉండదు. టైగర్ కూడా ఉండదు. మసక పడుతుండగా రేవు నుంచి ఇద్దరూ వస్తారు. ముందు టైగర్, దాని నోట్లో సత్యదుర్గ పైట చెంగు.

"మళ్లీ కుక్క కోసం వెళ్లేవా?"

"ఆయ్."

పెరట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కుని, దీపం పెట్టి, మంచం మీద కూర్చుంటుంది. అంతే.

"ఆ కుక్క మా వాడి కోసం చూస్తంది," అంది అప్పలమ్మ, రేవులో చేపలమ్మే వీరాయమ్మతో. "దాని వెనకాల రోజూ ఆ నీళ్ల దగ్గరికెళ్తంటే ఈ పిల్ల ఎప్పటికి మనుషుల్లో పడుద్ది? వాడెలాగూ లేడు. ఈ పిల్లైనా నాకు మిగలాలి కదే!"

"చూడ్డమా? నీళ్లకేసి వీపు పెట్టి కూచుంటది వదినా అది."

"దుఃఖం ఉండదేంటి దానికి?"

"దుఃఖవా! నిన్న నా గంపలో చేప నోట కరుచుకుపోయింది."

అప్పలమ్మకి నవ్వు రాలేదు. ఇంటికొచ్చి పెరటి గోడకేసి చూసింది. పడవ ఒడ్డెక్కేసరికి చేపలెత్తుకోడానికి ఆ ఇంటి ఆడమనిషి ఖాళీ గంపతో రేవులో ఉండాలి. వీరబాబు ఉన్నన్నాళ్లూ సత్యదుర్గ ఒక్కరోజు తప్పలేదు. ఇప్పుడా గంప పెరటి గోడకి మేకు మీద ఉంది. దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యమని వీరాయమ్మే చెప్పింది. ముందు కుక్క సంగతి చూద్దామనుకుంది అప్పలమ్మ.

ఆదివారం మసక పడ్డాక పలివెల నుంచి రాజ్యలక్ష్మి అనే ఆవిడ ఆటోలో వచ్చింది. గుడి వీధిలో టిఫిన్ సెంటర్ ఆవిడది. వాళ్లమ్మాయికి కుక్కలంటే భయమట.

"కరిచేది వద్దండి. పలకరించేది కావాలి."

"అయితే ఇది మీకోసమే పుట్టిందండి," అంది అప్పలమ్మ. చాలా రోజుల తర్వాత ఆవిడ గొంతు తేలికపడింది. "పలివెల దూరమేగా? మళ్లీ ఇటు రాదుగా?"

"గోదారి దాటి ఏం వస్తదండీ! రోజూ ఇడ్లీలు పెడతాను. మీ ఊరి పేరు కూడా మర్చిపోద్ది."

టైగర్ పిలవకుండానే ఆటో ఎక్కింది. డ్రైవర్ చెవి నాకింది. సత్యదుర్గ గేటు బయట నిలబడి చూస్తోంది.

"పంపెయ్యమంటావా దుర్గా?" అని అడిగింది అప్పలమ్మ.

"ఆయ్."

ఆటో స్టార్టయింది. టైగర్ ఒక్క గెంతులో కిందకి దూకింది. సత్యదుర్గ పైట చెంగు పట్టుకుని లాగింది.

"చూడండి, ఆవిడ్ని కూడా రమ్మంటంది!" అని నవ్వింది రాజ్యలక్ష్మి.

కానీ అది లాగింది ఆటో వైపు కాదు. గేటు లోపలికి, వాకిట్లోంచి మెట్ల మీదకి లాగింది. గుమ్మం దాటాక చెంగు వదిలేసింది. సత్యదుర్గ మొహంలోకి ఒకసారి చూసి, వచ్చిన దారినే వెళ్లి ఆటోలో కూర్చుంది.

మర్నాడు అప్పలమ్మ పనుల మధ్యలో కోడల్ని గమనిస్తూనే ఉంది. సత్యదుర్గ ఇల్లు ఊడ్చింది. బట్టలు ఉతికి ఆరేసింది. పెట్టింది తింది. టైగర్ తాగే సత్తు గిన్నె తోమి బోర్లించింది. ఇంక రేవుకి వెళ్లే పని లేదు. అప్పలమ్మ చాలా కాలానికి చింతకాయ పులుసు పెట్టింది. పొయ్యి దగ్గర కూర్చునే, వచ్చే వారం కోడల్ని అమలాపురం తీసుకెళ్లి ఒక మంచి చీర కొనాలనుకుంది.

పులుసు దించి, "దుర్గా, ఉప్పు చూడమ్మా," అని పిలిచింది.

మంచం మీద సత్యదుర్గ లేదు.

పెరట్లోకి వెళ్లి చూసింది. అక్కడా లేదు. గోడ మీద మేకు ఖాళీగా ఉంది. మేకు మీద దుమ్ము లేదు. దాని కింద గంపలోంచి రాలిన రేవు ఇసుక, పొరలు పొరలుగా.

అప్పలమ్మ చెప్పుల్లేకుండానే రేవుకి పరిగెత్తింది.

పడవలన్నీ ఎప్పుడో వచ్చేశాయి. ఆడవాళ్లు గంపలెత్తుకుని ఇళ్లకి వెళ్లిపోయారు.

వీరబాబు పడవ కట్టే చోట మోకాళ్ల లోతు నీళ్లలో ఖాళీ గంపతో సత్యదుర్గ నిలబడి ఉంది, రోజూ పైట పట్టుకుని ఆమెని ఇంటికి లాక్కొచ్చే కుక్కేమో పలివెలలో ఉంది.