పన్నెండో గోళీ

మేయరు ఓట్ల పెట్టెను బల్ల మీద బోర్లించాడు. పదకొండు తెల్ల గోళీలు దొర్లాయి. వాటి వెనకే ఒక నల్లది.

ఊరి ఉమ్మడి పచ్చికబయలు రైలుకు ఇవ్వాలంటే ఊరి సభలోని పన్నెండుమంది సభ్యులూ తమకిచ్చిన రెండు గోళీల్లో తెల్లదే వేయాలి. ఇక పట్టాలు రూర్ నది అవతలి ఊరికి పోతాయి. ఎవాల్డ్ ట్రాప్‌మన్ తొమ్మిదేళ్లు కాళ్లరిగేలా తిరిగి తెచ్చిన రైలు, ఒక్క గోళీతో మట్టిపాలైంది.

"ఎవడా వెధవ?" అని అరిచాడు ట్రాప్‌మన్.

అడగక్కర్లేదు. అందరూ గుర్రపుబండ్ల యజమాని యోస్ట్ వింకెల్ వైపే చూస్తున్నారు. రైలొస్తే అతని నలభై గుర్రాలకూ పనుండదు.

అరగంట క్రితం ట్రాప్‌మన్ అతనితో కూడా చేయి కలిపాడు. చలికి తొడుక్కున్న మందపాటి ఉన్ని చేతితొడుగులు తీయకుండానే, తన తెల్ల గోళీనీ నల్ల గోళీనీ ఎడమచేతిలోకి మార్చుకుని, అప్పుడే గెలిచేసినట్టు అందరి చేతులూ ఊపేశాడు. ఆ తర్వాతే అందరూ గుడ్డ కింద చేయి దూర్చి పెట్టెలో ఓట్లు వేశారు. ఇప్పుడా చేతిని కడుక్కోవాలనిపించింది.

"నేను తెల్లదే వేశాన్రా ఎవాల్డ్! నా పిల్లల మీద ఒట్టు."

"ఛీ! పిల్లల్నెందుకు లాగుతావు? నీ గుర్రాల మీద ఒట్టు పెట్టు. నీ మాట కూడా పేడ కంపే కొడుతోంది."

"ఒకే బెంచీ మీద చదువుకున్నాం రా..."

"దానికే సిగ్గుగా ఉంది. నీ దగ్గర మిగిలిన గోళీ చూపించు. నల్లదైతే నీ కాళ్లు పట్టుకుంటా."

మేయరు అడ్డొచ్చాడు. "కుదరదు ట్రాప్‌మన్ గారూ. మిగిలింది ఎవరి కంటా పడకుండా నదిలో పారేయాలి. తాతల నాటి కట్టుబాటు."

అందరూ వంతెన దాకా నడిచారు. ఒక్కొక్కరే గోళీ విసిరి, మొహం చాటేసి వెళ్లిపోయారు. వింకెల్ కూడా విసిరాడు. ట్రాప్‌మన్ అతని బూట్ల ముందు ఉమ్మాడు.

"ఊరి నోట్లో మట్టి కొట్టింది నువ్వేనని రేపు చర్చి గుమ్మంలో నిలబడి చెబుతా."

"చెప్పుకో. నేను వేసింది మాత్రం తెల్లదే." వింకెల్ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఈ మనుషులకు దొంగ ఏడుపు కూడా ఎంత తేలిగ్గా వస్తుందో! ట్రాప్‌మన్ తన దగ్గర మిగిలిన నల్ల గోళీని కూడా వదిలించుకుందామని జేబులోంచి తీశాడు.

అది తెల్లగా ఉంది.