ఒక్క పేరు చూసి వెళ్తాను

పొద్దున తొమ్మిదిన్నరకి కాలేజీలో ఎవరికీ లాగిన్ కుదరలేదు.

కాలేజీ కంప్యూటర్లు చూసుకునే ఆమె ముందురోజు సాయంత్రం చేసింది చిన్న మార్పే. అందరి పేర్లూ, గదులూ, ఫోన్లూ ఉండే డైరెక్టరీ సర్వరుని, ఊరూ పేరూ చెప్పకుండా ఎవరూ అడగడానికి వీల్లేకుండా కట్టడి చేసింది.

పాస్‌వర్డ్‌లన్నీ సరైనవే. అయినా సర్వరు ఎవరినీ ఎరగనంటోంది.

పదకొండుకి కంప్యూటర్ల మీద పరీక్ష. ప్రిన్సిపాల్‌గారు అడుగుతున్నారంటూ గుమస్తా నాలుగుసార్లు వచ్చిపోయాడు.

ఆ గొడవలోనే ఓ పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు.

రోజూ పదింటికి వచ్చి, సందర్శకుల గదిలో పేర్లు వెతుక్కోడానికి తెరిచి ఉంచే కంప్యూటర్ ముందు రెండు నిమిషాలు కూర్చుని పోతాడు. వేళ్ళకి ఎప్పుడూ సుద్ద. రిటైరైనా బడి వదలని లెక్కల మాస్టారని గుమస్తా తేల్చేసి, సుద్ద మాస్టారని పేరు కూడా పెట్టాడు.

“పేరు రావడం లేదమ్మా.”

“ఎవర్ని కలవాలండీ?”

“కలవడానికి కాదు. ఒక్క పేరు చూసి వెళ్తాను.”

“ఎవరో చెప్పుకోనిదే సర్వరు ఇక పేర్లు చూపదండీ. ఇవాళ లోపలివాళ్ళకే లాగిన్ కుదరడం లేదు,” అంది తల తిప్పకుండానే.

 ఆయన ఆమె ముందున్న తెర వైపు చూశాడు.

“పాస్‌వర్డ్ చూసే ముందు, ఈ పేరుగల మనిషి ఉన్నాడా అని కంప్యూటర్ సర్వరుని అడగాలి కదమ్మా. నిన్నటిదాకా తనెవరో చెప్పకుండానే అడిగేది. ఇవాళ మీరు దాన్ని ‘నువ్వెవరు’ అంటున్నారు. దానికీ ఓ పేరూ పాస్‌వర్డూ ఇచ్చి చూడండి.”

ఆమె నుదురు కొట్టుకుంది. పేర్లు వెతకడం తప్ప మరేమీ చేయలేని ఖాతా ఒకటి తెరిచి కంప్యూటర్లకి ఇచ్చింది. పదీ నలభైకల్లా అన్నీ తెరుచుకున్నాయి.

వెనక్కి తిరిగితే గుమ్మం ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం తీరిగ్గా, ఎవరేం వెతికారో రాసిపెట్టే సర్వరు చిట్టా తిరగేసింది. సందర్శకుల గదిలోంచి రోజూ పదింటికి ఒకే వెతుకులాట. పదకొండు నెలలుగా ఒకటే పేరు.

తనకి ముందు ఈ సర్వరు చూసుకున్న మేడమ్ పేరు. ఈ కుర్చీ ఆవిడదే. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. తీసెయ్యమని ఎవరూ చెప్పక, ఫొటోతో సహా పేరు అలాగే ఉండిపోయింది.

ఆవిడకి పని నేర్పిన గురువై ఉంటాడు, అనుకుంది. ఆ ఒక్క పేరూ సందర్శకుల గదిలో మళ్ళీ కనబడేలా చేసింది.

మర్నాడు పదింటికి చిట్టా చూసింది. ఎవరూ వెతకలేదు.

మూడో రోజూ అంతే. ఇరవయ్యో రోజూ అంతే. పదవుతుంటే ఆమె చేతిలో పని దానంతటదే ఆగిపోయేది. సుద్ద మాస్టారు బడి మానేశారేంటి మేడమ్ అని వేళాకోళమాడే గుమస్తా కూడా ఆ మాట ఎత్తడం మానేశాడు.

చివరికి, ఆయన జాడ అక్కడైనా తెలుస్తుందేమోనని, పోయిన మేడమ్ పాత ఫైల్లో ఇంటి చిరునామా వెతుక్కుని వెళ్ళింది. రెండు గదుల వాటాకి తాళం వేసి ఉంది. కిటికీ గట్టు మీద నీలం సుద్దబిళ్ళ ఒకటి అరిగిపోయి పడి ఉంది.

మాస్టారుగారు ఎక్కడికి వెళ్ళారని ఇల్లుగలావిడని అడిగింది.

“మాస్టారెవరమ్మా, ఆ మేడమ్‌గారి భర్తేనా? దర్జీ ఆయన. ఖాళీ చేసి మూడు వారాలవుతోంది, ఎక్కడికో చెప్పలేదు. ఆవిడ సాయంత్రం వచ్చి ఆఫీసు కబుర్లన్నీ చెబుతుంటే మిషను ఆపి మరీ వినేవాడు. కొలతల అంకెలు తప్ప చదువు రాదు. ఆవిడ పేరొక్కటే కూడబలుక్కుని రాయడం నేర్చుకున్నాడు.”