వాగులో ఎదురెక్కే పండగ

ఎండాకాలం వస్తే ఎండిపోయే ఒక చిన్న వాగుకి, పెద్ద ఏటి నుంచి ఒక నీటికుక్క వచ్చి చేరింది. మంచి పనిమంతురాలు. వాగుకు అడ్డంగా రాళ్లు పేర్చి కట్ట కట్టింది. నీళ్లు నిలిచాయి. కప్పలూ కొంగలూ సంబరపడ్డాయి.

ముసలి తాబేలు మాత్రం, "మధ్యలో కాస్త దారి వదులమ్మా. తొలకరికి చేపలు ఎదురెక్కుతాయి. ఆ రోజు వేట మాని పాటలు పాడుకోవడం మా అమ్మమ్మల నాటి పద్ధతి" అంది.

"పాటల కోసం నీళ్లు వదులుకుంటారా అవ్వా?" అని నవ్వేసింది నీటికుక్క.

తొలకరి కురిసింది. కడుపు నిండా గుడ్లతో వచ్చిన చేపలు ఎగిరెగిరి కట్టకు కొట్టుకుని పడిపోతున్నాయి. ఇవి పైకెళ్లి గుడ్లు పెట్టకపోతే వచ్చే ఏడు వాగులో చేపలే ఉండవు. నీటికుక్క గబగబా వెళ్లి కట్ట నడుమ పై వరస రాళ్లు లాగేసింది. కింది వరసల వెనక నీళ్లు నిలిచే ఉన్నాయి, చేపలు బిలబిలా పైకెక్కాయి. తాబేలు పాట ఎత్తుకుంది. కప్పలు అందుకున్నాయి.

అటుగా వచ్చిన గద్ద, "ఇన్ని చేపలుంటే పట్టవేం?" అని నీటికుక్కను అడిగింది.

"ఇవాళ మా వాగులో పండగ, ఎవరమూ వేటాడం. పాట నాకూ సరిగ్గా రాదు. కూర్చో, ఇద్దరం నేర్చుకుందాం."