తడి ఆరని పచ్చ

నిజామాబాద్‌లో ఉండే యజమాని తాళంచెవి ఇచ్చి పంపితే, బోధన్‌లోని ఆ పాత దేవిడీకి సున్నం వేయడానికి సత్తార్ పొద్దుగూకే వేళకు పెరటి తలుపు గుండా చేరాడు. ఊరంతా చెరకు పాకం వాసన. లోపలి గదిలో గోడంతా అల్లుకున్న నీలిపచ్చ తీగ బొమ్మను చూసి అతని కాళ్లు ఆగిపోయాయి. రాగిరాయి నూరి, జిగురు కలిపిన రంగుతో ఆ తీగ వేసింది అతనికి పని నేర్పిన ఉస్తాద్ జహూర్. ఆయన పోయి పదేళ్లు దాటింది. రేపు దాని మీద సున్నం పూయాలి.

కందిలి వెలిగించి, దాన్ని చెరపడానికి మనసొప్పక ఒక ఆకును నిమిరాడు. వేలికి రంగంటింది. రంగు ఇంకా తడిగా ఉంది.

బయటికొచ్చి, ముందు గేటు దగ్గర కూర్చున్న కాపలా భోజన్నను అడిగాడు. "అన్నా, లోపలికి ఎవలన్న వచ్చిండ్రా?"

"నువ్వే గదా. పొద్దటి సంది రాయి నూరుతనే ఉన్నవ్. ఆ సప్పుడు ఇనుకుంటనే ఉన్న."

"నేనిప్పుడే వస్తిని."

భోజన్న లేచి నిలబడ్డాడు. "సామాన్ తెచ్చుకో. పోదాం."

తాను మాత్రం గడప దాటి లోపలికి రాలేదు.

సత్తార్ వంగి కుంచెలు ఏరుకుంటుండగా, పక్కగదిలో రాయి మీద రాయి మెల్లగా తిరుగుతున్న చప్పుడు మొదలైంది. కాసేపటికి ఆగింది.

"సత్తార్, జిగురు కలిపినవా బేటా?"

"కలుపుతున్న, ఉస్తాద్."

ఏళ్లనాటి అలవాటు, అనుకోకుండానే నోటినుంచి వచ్చేసింది.

పక్కగది గొళ్లెం లోపలినుంచి జరిగింది.