ఏ వయసు వాళ్ళకి?

“ఇవన్నీ కిందికి దించేయండి,” అంది దెల్ఫీనా మేడమ్.

లిగాయా పొద్దుటి నుంచీ సర్దిన అర అది. పైన చిన్న చిన్న కాగితాలు కూడా అంటించింది: నిజాయితీ, వినయం, పెద్దల మాట వినడం.

“నీతిని బట్టి సర్దాను, మేడమ్. పిల్లలు వెతుక్కోవడానికి సులువుగా ఉంటుందని.”

“నాకు కాస్త వినయం కావాలి, ఏ అరలో ఉందీ అని అడిగే పిల్లని ఎక్కడైనా చూశారా?”

పక్కన పుస్తకాలకి అట్టలు వేస్తున్న జోవీ కిసుక్కున నవ్వి, మేడమ్ చూడగానే తల దించుకుంది.

“భయమేస్తే వస్తారు. నవ్వుకోవడానికి వస్తారు. ఆటలోకి ఎవరూ రానివ్వకపోతే వస్తారు. ఎందుకొచ్చారో ముందు కనిపెట్టండి, తర్వాత సర్దుదురుగాని.”

లిగాయా ఆ కాగితాలు ఒక్కొక్కటే పీకేసింది.

స్కూలు లైబ్రేరియన్ కావాలంటే కోర్సు చివర్లో ఏదో ఒక బడిలో పనిచేసి, అక్కడి లైబ్రేరియన్ చేత పాస్ అనిపించుకోవాలి. క్లాసులో అందరికంటే వయసులో చాలా పెద్దదైన లిగాయా, ఆమెతో పాటు జోవీ, అలాగే ఇలోయిలో అనే ఊళ్ళోని ఈ బడికి వచ్చారు. వచ్చిన రోజే ఇక్కడి లైబ్రేరియన్ దెల్ఫీనా లిగాయాని పక్కకి పిలిచి చెప్పేసింది: “ఇక్కడ నేను మేడమ్‌ని, మీరు ట్రెయినీ. అంతకు మించి ఏమీ లేదు.”

“అలాగే, మేడమ్,” అంది లిగాయా.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో జోవీ గొంతు తగ్గించి అడిగింది.

“ఏంటక్కా, ఆవిడకి నీ మీద అంత కక్ష? నేను అట్ట తలకిందులుగా వేసినా ఒక్క మాట అనలేదు.”

“పనిలో గట్టి మనిషి. అంతే.”

“వేరే బడికి మార్పించుకో. ఆవిడ ఫెయిల్ చేసిందంటే మళ్ళీ మొదటికొస్తావ్.”

“ఈ బడి నేనే అడిగి వేయించుకున్నాను.”

“పిచ్చా నీకు?”

లిగాయా తన పళ్ళెంలోని వేయించిన ఎండుచేప తీసి జోవీ అన్నంలో పెట్టింది.

తర్వాతి వారం దెల్ఫీనా ఒక నవల ఇచ్చి చదివి రమ్మంది. పై తరగతుల పిల్లల కోసం కొత్తగా తెప్పించిన పుస్తకం. చెల్లెల్ని వెంట తీసుకెళ్తానని మాటిచ్చి, చెప్పకుండా మనీలా వెళ్ళిపోయిన ఒక అక్క కథ.

“ఏ వయసు వాళ్ళకి ఇస్తారు దీన్ని?” అని అడిగింది దెల్ఫీనా.

“పదమూడు దాటినవాళ్ళకి, మేడమ్. కానీ ముగింపు నాకు నచ్చలేదు.”

“ఎందుకని?”

“అక్క తిరిగొచ్చి ఏడవగానే చెల్లెలు కరిగిపోయింది. ఆ వయసు పిల్లలు అంత తేలిగ్గా క్షమించరు. చదివేవాళ్ళు నమ్మరు.”

“మరి ఎలా ముగించాలంటారు?”

“చెల్లెలు తలుపు తీస్తుంది. అన్నం కూడా పెడుతుంది. మాట్లాడదు. అక్కడ ఆపేస్తే బాగుండేది.”

దెల్ఫీనా పుస్తకం తీసుకుని, తిరగేసి, బల్ల మీద పెట్టింది.

“ఇన్నాళ్ళకి ఒక పుస్తకం సరిగ్గా చదివారు,” అంది.

ఇక మిగిలింది చివరి పరీక్ష. ఒకటో తరగతి పిల్లలకి కథ చెప్పాలి. చాప మీద పిల్లలు, వెనక గోడకి ఆనుకుని దెల్ఫీనా. లిగాయా బొమ్మల పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టింది. బుద్ధిమంతురాలైన ఒక కుందేలు కథ. రెండు పేజీలు తిప్పేసరికి ఒకడు చాప మీద పడుకున్నాడు. ఇద్దరు జడలు లాక్కుంటున్నారు.

“టీచర్, ఈ కుందేలు ఒక్క తప్పు కూడా చెయ్యదా?” అని అడిగింది ముందు కూర్చున్న పిల్ల.

“చెయ్యదమ్మా.”

“ఐతే బాలేదు.”

జోవీ కంగారుగా మేడమ్ వైపు చూసింది. మేడమ్ ముఖంలో ఏమీ తెలియలేదు. లిగాయా పుస్తకం మూసి పక్కన పెట్టింది. తనూ చాప మీదికి దిగి కూర్చుంది.

“సరే. ఒక తాటాకుల ఇంటి చూరులో ఒక బల్లి ఉండేది. పొద్దుగూకితే చాలు, ఏమని అరిచేది?”

“తుకో!” అన్నారు పిల్లలు.

“ఒకరోజు నోరు తెరిచింది. గొంతు లేదు! పోయింది. కుండలో వెతికింది, లేదు. కోడి రెక్క కింద వెతికింది, కోడి తన్నింది...”

ఆమె గొంతు బల్లి గొంతయింది, కోడి గొంతయింది, ముసలి గేదె గొంతయింది. పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు. ఒక పిల్ల తన సంచి తెరిచి చూసి, “నా దగ్గర లేదు!” అని అరిచింది. చివరికి గొంతు దొరికినప్పుడు పిల్లలందరూ కలిసి వేసిన కేకకి పక్క తరగతి టీచర్ తొంగి చూసి వెళ్ళింది. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. జోవీ వాళ్ళని బతిమాలి, వరసలో నిలబెట్టి తీసుకెళ్ళింది.

గదిలో ఇద్దరే మిగిలారు. దెల్ఫీనా తలుపు దగ్గరకి వేసింది.

“ఇది ఏ పుస్తకంలోది?”

“పుస్తకంలోది కాదు, మేడమ్. నేనే అల్లాను.”

“ఎవరి కోసం?”

“హాంకాంగ్‌లో నేను పనిచేసిన ఇంట్లో పిల్లల కోసం. వాళ్ళమ్మ ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేది. చిన్నది బెంగపెట్టుకుని పడుకునేది కాదు.”

“రోజూ చెప్పేవారా?”

“రోజూ. వాళ్ళు పెద్దవాళ్ళై, ఇక చాలు అనేదాకా.”

దెల్ఫీనా కిటికీ వైపు తిరిగి నిలబడింది.

“పాసయ్యారు,” అంది.

“థాంక్యూ, మేడమ్.” లిగాయా చాప చుట్టబోయింది.

“ఉండనివ్వండి.”

దెల్ఫీనా చెప్పులు విడిచింది. వచ్చి చాప మీద, పిల్లలు కూర్చున్న చోట, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

“నీ కన్నకూతుర్ని, నాకూ ఒకటి చెప్పమ్మా.”