ఉండే కాస్త కండ

"కత్తి పెట్టేది లేదంటే లేదు!"

కొడుకు చక్రాల కుర్చీకి వరదమ్మ అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపేసింది. తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు గది ముందు బెంచీల మీదున్న వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. కుర్చీలో ఉన్న మునిశేఖర్ సిగ్గుతో తల దించుకున్నాడు. ఒకప్పుడు పాకాలలో ఆటో తోలిన మనిషి, ఇప్పుడు మంచినీళ్ళ గ్లాసు నోటిదాకా ఎత్తుకోలేడు.

"ఉండేదే కాస్త కండ. అది గూడా కోసుకుంటారంట! నా కొడుకేమన్నా మేకనా?" అని వరదమ్మ బెంచీల వాళ్ళను అడిగింది. వాళ్ళలో ఒకరిద్దరు పాపం, కాదన్నట్టు తలలూపారు కూడా.

"మ్మా, జరుగు," అంది పల్లవి. కుర్చీ తోస్తున్నది ఆమే. శ్రీసిటీలో ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, అన్నను ఇక్కడిదాకా లాక్కొచ్చిందీ ఆమే.

"పుత్తూరులో ఇంకో కట్టు కట్టిద్దామంటే వింటివా నువ్వు?"

"ఇరగని కాళ్ళకు ఎన్ని కట్లు కట్టిస్తావు? ఎముకలు గట్టిగా ఉండాయి, చెడింది కండమ్మా, డాక్టరు కాడికి పోండి అని కట్టు కట్టే ఆయనే చెప్పినాడు గదా! ఆయన వద్దంటా ఉంటే ఏడ్చి ఏడ్చి కట్టించింది నువ్వే."

బెంచీల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఈ గొడవకు డాక్టరు రవిచంద్ర గదిలోంచి బయటికి వచ్చాడు. ఆయన ఓపిక గల మనిషి. చూపుడు వేలి కొస చూపించాడు.

"చింతగింజంత ముక్కమ్మా, అంతే. మత్తుసూది వేసి తీస్తాం. కండ జబ్బులు పైకి చాలావరకు ఒక్కలాగే ఉంటాయి. కాళ్ళు లేవవు, చేతులు లేవవు. రక్తం పరీక్షలన్నీ చేశాం, ఏదీ తేల్లేదు. ముక్క తీసి లోపల చూస్తేగానీ ఏ జబ్బో చెప్పలేను."

"చెప్తే నయమైపోతాదా సామీ?"

"కొన్నిటికి మందు లేదు. కొన్నిటికి ఉంది. మాత్రలతో లేచి నడిచినవాళ్ళను నేనే చూశాను. అసలు ఏ జబ్బో తెలీకుండా మందు ఎట్లా ఇచ్చేది? ఇట్లాగే వదిలేస్తే రేపు ఊపిరి తీసుకునే కండలకు కూడా పాకుతుంది."

వరదమ్మ కూతురి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. గొంతు తగ్గించింది. ఆమె అసలు భయం అప్పుడు బయటపడింది.

"ఈ జబ్బు వంశంలో ఉండాదని తేలితే ఏమౌతాదో తెలుసా మే? చంద్రగిరోళ్ళు తాంబూలాలు ఎనక్కి పంపించేస్తారు. వాడి బతుకు ఎట్లాగూ ఇట్లయింది. నీదన్నా బాగుండనీ."

"పంపించనీ. రేపు అన్నకు ఊపిరాడకపోతే ఆ తాంబూలాల తట్ట తీసకచ్చి ముక్కు కాడ పెడతావా?"

గుసగుసగా మొదలైన మాటలు కుర్చీదాకా వినబడుతూనే ఉన్నాయి. మునిశేఖర్ మెల్లగా అన్నాడు. "వద్దులే పాపా. నాకు అలవాటై పోయింది. ముందు నీ పెళ్ళి కానీ."

"నోరు మూసుకోన్నా, నిన్నెవరడిగినారు?" అని కసిరి, డాక్టరు వైపు తిరిగింది పల్లవి. "మా అన్న ఒప్పుకున్నాడు సార్."

మునిశేఖర్‌కు నవ్వొచ్చింది. చెల్లెలి మొండితనం ముందు ఏనాడు నెగ్గాడు గనక! సరేనని తలూపాడు. వరదమ్మ గొణుక్కుంటూనే పక్కకు తప్పుకుంది.

లోపల ఇద్దరు నర్సులు అతన్ని బల్ల మీద పడుకోబెట్టారు. తల్లీ కూతుళ్ళు గోడవారగా నిలబడ్డారు. కోసే ముందు డాక్టరు స్కానింగు పరికరాన్ని తొడ మీద ఆనించి తెర వైపు చూశాడు. రెండో తొడ చూశాడు. పిక్కలు, భుజాలు, చేతులు చూశాడు. చూసే కొద్దీ ఆయన ముఖం వాడిపోయింది. చేతి తొడుగులు విప్పేశాడు.

"కోసి లాభం లేదమ్మా. ఇందులో కండ మిగల్లేదు, అంతా కొవ్వయిపోయింది. ముక్క తీసినా జబ్బు ఆనవాలు దొరకదు. నాలుగేళ్ళ కిందట రావాల్సింది."

పల్లవి ఆ తెర వైపే చూస్తూ నిలబడింది. వరదమ్మ మాత్రం గోడనున్న వెంకటేశ్వరస్వామి పటానికి దణ్ణం పెట్టుకుంది.

"ఆ సామే ఆపినాడు. పదండి, పాకాల రైలుకు టైమైంది."

నర్సులు మునిశేఖర్‌ను కుర్చీలోకి దించారు. ఈసారి వరదమ్మే కుర్చీని తలుపు వైపు తిప్పింది. పల్లవి కదల్లేదు.

"సార్, ఎట్లాంటి కండయితే చెప్తాది?"

"జబ్బు మొదలై ఉండాలి, కండను పూర్తిగా తినేసి ఉండకూడదు. అట్లాంటి ముక్క దొరికితే చాలావరకు తేల్చేస్తాం. మీ అన్నకు ఆ రోజులు దాటిపోయాయమ్మా."

పల్లవి కాసేపు అన్న వైపు చూసింది. తర్వాత చున్నీ నడుముకు బిగించి, బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మే, రైలు పోతాది. ఆడేం చేస్తా ఉండావు?" అంది వరదమ్మ తలుపు దగ్గర్నుంచి.

 పల్లవి బల్ల ముందున్న మెట్టు మీద కాలు పెట్టబోయింది. కాలు లేవలేదు. మళ్ళీ ప్రయత్నించింది. చివరికి వంగి, తన మోకాలిని తానే రెండు చేతులతో పట్టుకుని ఎత్తి, మెట్టు మీద పెట్టుకుంది. డాక్టరు గబగబా దగ్గరికొచ్చాడు. వరదమ్మ కుర్చీని వదిలేసింది.

"అన్నకు ఎట్లా మొదలైందో నాకూ ఉగాది కాడినుంచి అట్నే ఉండాది సార్," అంది పల్లవి తొడ మీద చెయ్యి వేసి, "నా కండ ఇంకా మిగిలే ఉండాది, ఈడ కోయండి."