చక్రాలుంటే వెనక గేటు

“సరుకుల బండ్లకు ఇటు ప్రవేశం లేదు. దయచేసి వెనక గేటుకు వెళ్ళండి.”

ఆసుపత్రి గాజుతలుపు నాలుగోసారి అదే మాట అంది. ఆడగొంతు, ఎక్కడలేని మర్యాద. దాని ముందు సరుకూ లేదు, బండీ లేదు. నాలుగు చక్రాల వాకర్ పట్టుకుని, నడుం వంగిపోయి నిలబడ్డ డెబ్బై ఆరేళ్ళ ముసలావిడ ఉంది. వాకర్ పిడికి ఆకుపచ్చ గుడ్డసంచి వేలాడుతోంది. అందులో కంటి డాక్టరు రాసిన చీటీ ఉంది.

“నన్నేనా అంటోంది?” అంది ఆవిడ.

“నిన్ను కాదులే అమ్మా” అన్నాడు కొడుకు.

అంటున్నది ఆవిడనే. అతను ముందు నడిస్తే తలుపు తెరుచుకుని “స్వాగతం” అంది. వెనకే తల్లి వాకర్ తోసేసరికి టక్కున మూసుకుంది.

టైము పదకొండున్నర. కంటి డాక్టరు పన్నెండుకి వెళ్ళిపోతాడు. ఇవాళ కంట్లో ఇంజెక్షన్ పడకపోతే మళ్ళీ వంతు నలభై రోజులకి. కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమకంటికి టీవీలో మొహాలన్నీ అలికేసినట్టున్నాయి. సీరియల్లో ఎవరు ఏడుస్తున్నారో గొంతును బట్టి పోల్చుకుంటోంది. ఆ ఒక్క కన్నయినా దక్కించుకోవాలని ఆవిడ తాపత్రయం.

“కొత్తగా పెట్టారు సార్” అన్నాడు గార్డు. “తోపుడుబళ్ళ వాళ్ళు ఇటునుంచే వచ్చేస్తున్నారని. ఏఐ అంట. మనిషేదో బండేదో అదే చూసుకుంటుంది.”

“ఏడ్చినట్టే ఉంది దాని చూపు. నువ్వు తెరువు.”

“ఇదివరకు నా దగ్గరో బటన్ ఉండేదండి. పీకేశారు.”

ఆవిడ జుట్టు సవరించుకుంది. “పళ్ళసెట్టు పెట్టుకోకుండా వచ్చాను. మనిషిలా కనిపించట్లేదేమో” అంటూ, నడుం వీలైనంత నిటారుగా చేసి, పైనున్న కెమెరాకేసి నవ్వింది.

“సరుకుల బండ్లకు ఇటు ప్రవేశం లేదు.”

“వాకర్ వదిలేసి రెండడుగులు వెయ్యలేరా మామ్మగారూ?” అన్నాడు గార్డు.

“తుంటి ఆపరేషన్ అయింది నాయనా. వదిలితే ఇక్కడే కూలబడతాను.”

కొడుకు ఎత్తుకోబోయాడు. ఆవిడ నొప్పికి మూలిగింది. దించేశాడు. అతనికి ఒళ్ళు మండిపోతోంది.

“పొద్దున్నే టీవీ పెడితే ఏఐ, పేపరు తిప్పితే ఏఐ. రోగాలు కనిపెడుతుందట, కార్లు నడుపుతుందట. ఎదురుగా నిలబడ్డ ముసలమ్మ మాత్రం కనపడదు. ఏ దద్దమ్మ నేర్పాడో దీనికి.”

గార్డు జాలిగా చూశాడు. “మీ కళ్ళు కూడా బాగా ఎర్రగా ఉన్నాయి సార్. మీరూ ఓసారి చూపించుకోవలసింది.”

“ఎర్రబడక ఏమవుతాయి” అంది తల్లి. “తెల్లారి లేస్తే కంప్యూటర్ ముందు కూచుని ఆటలు. బొమ్మలొస్తుంటాయి, వీడు టకటకా నొక్కుతుంటాడు. కోడలు అన్నానికి పిలిచినా లేవడు.”

“మా అల్లుడూ అంతేనమ్మా. పొద్దస్తమానం తుపాకులే.”

“అమ్మా, అది...” అని మొదలుపెట్టి, టైము చూసుకుని ఊరుకున్నాడు కొడుకు. పావు తక్కువ పన్నెండు.

తలుపు అంచున నీలం రంగు గుడ్లగూబ బొమ్మ, దాని కింద ఫోన్ నంబరు ఉన్నాయి. కంగారులో బొమ్మకేసి చూడకుండానే ఫోన్ చేశాడు. అవతల టెక్నీషియన్ తాపీగా మాట్లాడాడు.

“అది సొంతంగా ఏమీ అనుకోదు సార్. లక్షల ఫొటోలకి ఇది మనిషి, ఇది బండి అని మనుషులే గుర్తులు పెట్టి నేర్పుతారు. వాళ్ళెలా నేర్పితే అదలా.”

“ఆ నేర్పినవాణ్ణి ఒక్కణ్ణి నాకు చూపించండి. వాడికి తల్లి లేదా?”

“ఇవాళ్టి మీ ఫొటోలు కూడా వాళ్ళకే పంపిస్తాం సార్. చూసి సరిచేస్తారు.”

“ఎప్పుడు? మా అమ్మ కన్ను పోయాకా?”

ఫోన్ పెట్టేశాడు. గోడకు చెప్పుకున్నా కాస్త నయమనిపించింది.

ఇక వెనక గేటే దిక్కు. దాని తాళం స్టోర్‌కీపర్ దగ్గరుంది. స్టోర్‌కీపర్ టీకి వెళ్ళాడు. అతను వచ్చి, తాళం తీసి, మాసిన దుప్పట్ల మూటల మధ్యనుంచి ఆవిడ ఒక్కో అడుగే వేసుకుంటూ కంటి విభాగానికి చేరేసరికి పన్నెండూ ఇరవై. డాక్టరు గది తలుపు వేసి ఉంది. నర్సు చీటీ మీద కొత్త తేదీ రాసి ఇచ్చింది. నలభై రోజుల తర్వాత.

కొడుకు చీటీ మడిచి ఆకుపచ్చ సంచిలో పెట్టాడు. తల్లే అతని వీపు నిమిరింది.

“పోనీలేరా. దానిదేం తప్పు. మొదటిసారి చెప్పినప్పుడే వెనక గేటుకి పోయుంటే డాక్టరు దొరికేవాడు.”

ఆ మాటకి అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున ఆవిడ టీవీకి జానెడు దూరంలో కుర్చీ వేసుకుంది. “ఇప్పుడు ఏడుస్తున్నది అత్తా, కోడలా?” అని కోడల్ని అడిగింది. కొడుకు పక్కగదిలోకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

“మొదలైంది వీడి ఆట” అంది తల్లి.

తెర మీద నీలం గుడ్లగూబ రెప్పలాడించి, ఒక గాజుతలుపు ముందు ఆకుపచ్చ సంచి వేలాడుతున్న వాకర్ ఫొటోని, దాని కింద ‘మనిషి’, ‘బండి’ అన్న రెండు మీటల్ని చూపించేసరికి, రోజుకు రెండు వేల ఫొటోలు తెమల్చాలన్న తొందరలో చక్రం కనిపిస్తే చాలు మిగతాది చూడకుండా ఎనిమిది నెలలుగా ‘బండి’ అని నొక్కుతూ వచ్చిన అతని వేలు మొదటిసారి గాల్లోనే ఆగిపోయింది.